ఇరుసు మీద కడియం

ఏటి బాబూ, అలా వంగిపోయి చూస్తన్నావు ఆ పాత ఇరుసుని? లే లే, ప్యాంటుకి గ్రీజు అంటుకుంటే మీ ఆవిడ నన్ను తిడతాది. ఆఁ? ఆ చిన్న రింగా? దాంట్లో ఏ బోల్టు పడతాదనా? ఏ బోల్టూ పడదు. గొలుసు తగిలించడానికీ కాదు, గొలుసేసి లాగితే ఊడొచ్చేస్తాది. నీ చదువంతా పెట్టి వెతికినా దాని పనేటో నీకు దొరకదులే శ్రవణ్ బాబూ, ఏ కంపెనీ బొమ్మలోనూ అది ఉండదు. మేం దాన్ని కడియం అంటాం. మా అన్న గోవిందసామి పెట్టిన కడియం. ఈ డార్నల్ యార్డులోంచి బయటికెళ్ళిన ప్రతి లారీ ఇరుసు మీదా ఒకటుంటాది. ఎందుకు పెట్టేడో చెప్తాను, కూర్చో. ఆ డ్రమ్ము మీద కాదు, అది దొర్లిపోతాది, ఈ బల్ల మీద కూర్చో. రానీ వదిన లోపల టీ పెడతంది, ఆవిడ వచ్చేలోపు చెప్పేయాలి. ఎందుకు వచ్చేలోపో అది కూడా చెప్తాను, తొందరపడకు.

నా మాట నీకు నవ్వొస్తాదని తెలుసు. 'తాతా, మీ తెలుగు మా ఊరి ముసలమ్మల తెలుగులా ఉంది' అన్నావు మొన్న గుడి దగ్గర. ఉండదా మరి? మా అవ్వ చంటిపిల్లగా ఓడెక్కి ఈ దేశానికి వచ్చింది, చెరుకు తోటల బారక్సుల్లో మమ్మల్ని పెంచింది, ఆవిడకి వేరే భాష రాదు, మాకు వేరే గతి లేదు. మా మనవరాలు కిమేశ్రీకి 'అన్నం', 'అవ్వ', 'గోవిందా' తప్ప ముక్క రాదు. నువ్వు మిల్లులో ఉద్యోగానికి వచ్చేక నా నోటికి పని దొరికింది. సరే సరే, నువ్వడిగింది నీ బకీకి, ఆ బుల్లి లారీకి, డిఫ్ లాక్ పెట్టించుకోవాలా వద్దా అని. దానికే వస్తన్నాను. ఈ ముచ్చట వింటే దానికి జవాబు కూడా అందులోనే ఉంటాది.

మా అన్న మిల్లులో ఫిట్టరు. మెత్తని మనిషి అనుకునేవు, కాదు బాబూ. గొంతు విప్పితే పక్క వీధిలో కుక్కలు లేచేవి. 'నేను బిగించిన నట్టు నేను చెప్తేనే ఊడతాది' అనేవాడు. గొప్పలు చెప్పుకోడంలో ఆయన్ని మించినోడు ఈ తీరంలో లేడు, కాకపోతే చెప్పిన గొప్ప చేసి చూపించేవాడు, అదీ సంగతి. ఆయన దగ్గర హెల్పరు జబులానీ. ఇద్దరూ కలిసే మిల్లులో చేరేరు, కలిసే జుట్టు నెరిసింది. పని ఇద్దరికీ ఒకేలా వచ్చు, కానీ ఆ రోజుల్లో జులూ మనిషికి ఫిట్టరు కాగితం ఇచ్చేవారు కాదు. మాకు ఇచ్చేసరికే గెడ్డాలు పండిపోయేయి, ఇంక ఆయనకెక్కడ? అన్న ఊరుకునేవాడు కాదు, ఫోర్మను ముందే 'ఈ గేర్‌బాక్సు కట్టింది నేను కాదు, జబులానీ' అని అరిచేవాడు. ఫోర్మను వినపడనట్టు పోయేవాడు.

తొంభైనాలుగులో రంగు చూడకుండా అందరికీ ఓటిచ్చేరు, మేమందరం ఓటేశాం. అన్నా, వదినా, నేనూ, జబులానీ, ఒకే లైన్లో నిలబడ్డాం, ఎండలో. వదిన నిమ్మకాయ పులిహోర కట్టి తెచ్చింది, లైన్లో ముందోళ్ళకీ వెనకోళ్ళకీ పంచింది. ఆ తర్వాతేడు ఆర్మీ వాళ్ళు పాత లారీలు వేలం వేసేరు. నాలుగు చక్రాలూ లాగే లారీలు. అవి వీధిలోకి వస్తే మేం తలుపులు వేసుకున్న రోజులు నాకింకా గుర్తే. అలాంటి బండిని మా అన్న తోలుకుంటూ గేట్లోకి తెచ్చేడు బాబూ! వచ్చిన మర్నాడే ఆ మట్టిరంగు గీకేసి ఆకాశం రంగు వేసేడు, బానెట్టు మీద నామం పెట్టేడు, తలుపు మీద తెల్లగా రెండు పేర్లు రాయించేడు, గోవిందసామి, జబులానీ అని. ఇద్దరూ మిల్లు మానేసేరు. మా చుట్టాలు ఏటన్నారో తెలుసా? 'ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కిందట' అన్నారు. అన్న ఒకటే అన్నాడు, 'ఉట్టి ఎక్కడం ఎవడిక్కావాలి, నాది లారీ' అని.

ఎందుకు కొన్నాడంటే, ఆ సంవత్సరం కొండల్లోని ఊళ్ళకి కరెంటు ఇవ్వడం మొదలెట్టేరు. స్తంభాలు మోసే పని చిన్నవాళ్ళకి కూడా ఇస్తామన్నారు. మన ఎదురుగా కనిపిస్తాదే, ఆ చెరుకు దాటేక నీలంగా కొండ, దాని వెనక ఎంతబేని అని ఊరు. వాళ్ళ భాషలో కొండ మీద అని అర్థం. జబులానీది ఆ ఊరే, వాళ్ళమ్మ అక్కడే ఉండేది. పెద్ద పెద్ద కంపెనీల లారీలు స్తంభాలేసుకుని వెళ్ళి, ఎర్రమట్టి దారిలో సగం ఎక్కి, చేతులెత్తేసి దిగొచ్చేసేయి. అప్పుడు కరెంటు ఆఫీసు నించి ఇవోన్ అనే పిల్ల వచ్చింది, షాల్‌క్రాస్ ఊరి పిల్ల, మోకాళ్ళ దాకా బూట్లు, జుట్టు మగపిల్లాడిలా కత్తిరించుకునేది. 'అంకుల్, ఈ నెలలో స్తంభాలు పైకి చేరకపోతే ఎంతబేనిని ఈ ఏడుకి తీసేస్తారు. ఆ స్తంభాలు ఇంకో ఊరికి పోతాయి. మళ్ళీ ఎప్పుడో నేను మాటివ్వలేను' అంది. వానలా, మొదలైపోయేయి. అన్న ఆ ఆదివారం కొండెక్కి జబులానీ అమ్మ దగ్గరికెళ్ళేడు. గోగో అంటారు వాళ్ళు అవ్వని. ఆవిడ ఉడకబెట్టిన చేమదుంపలు పెట్టింది, వాళ్ళు అమడుంబే అంటారులే. అవి తింటూ అన్న ఛాతీ చరుచుకుని, 'గోగో, నీ ఇంట్లో కరెంటు దీపం వెలక్కపోతే నా పేరు గోవిందసామి కాదు' అన్నాడు. ఆవిడ పొగాకు నములుతూ, 'పేరు బాగానే ఉంది నాయనా, దాన్నెందుకు మార్చుకోడం, వెలిగించెయ్' అంది. అంతే, ఇంక మా అన్నకి నిద్ర లేదు. మాటిచ్చేసేడు గదా.

బండి పెద్దదే గానీ దాని డిఫ్ మామూలు డిఫ్. నీకు తెలుసులే, అయినా నా నోటితో విను. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలి చక్రం తక్కువ. ఆ రెండిటికీ తగువు రాకుండా ఇరుసు మధ్యలో కూర్చుని సర్దిచెప్పే పెద్దమనిషే డిఫ్. తారు రోడ్డు మీద బంగారం లాంటోడు. బురదలో మాత్రం ఒట్టి మెత్తనోడు. ఒక చక్రం గోతిలో పడి గిరగిరా తిరుగుతుంటే తిప్పుడంతా దానికే ఇచ్చేస్తాడు, గట్టి నేల మీదున్న రెండోది కదలదు. 'పనిదొంగకే పెద్ద ముద్ద' అనేవాడు అన్న. లాక్ అంటే ఆ పెద్దమనిషి నోరు మూయించి రెండు చక్రాల్నీ ఒక్క కాడికి కట్టేయడం. మరి ఏ లాక్ పెట్టాలి? అక్కడే వచ్చింది గొడవ. మా టోంగాట్ ఊరి క్రిష్ ఉన్నాడు, వదిన తమ్ముడు, వాడొచ్చి 'బావా, ఎందుకీ తంటా, డిఫ్ లోపలి చిన్న గేర్లని వెల్డింగు కొట్టేయ్, పీడా పోతాది' అన్నాడు. చాలామంది అలాగే చేసేవారు. అన్న వాడి కాళ్ళకేసి చూసి, 'ముందు నీ మోకాళ్ళకి వెల్డింగు కొడతాను, మేడ మెట్లు దిగి చూపించు' అన్నాడు. అలా కట్టేస్తే ఇంక విడదీయడం ఉండదు గదా, గట్టి నేల మీద తిరిగినప్పుడల్లా టైర్లు ఈడ్చుకుంటాయి, ఇరుసులు మెలి తిరుగుతాయి.

ఇంకోటి, ప్లేట్ల రకం. జారుడు తగ్గిస్తాది. చక్రం గాల్లో ఉన్నప్పుడు అది చేసే సాయం పెళ్ళిలో అక్షింతలేసినంత. ఇంకోటి దానంతటదే పట్టుకుని దానంతటదే వదిలే రకం, పళ్ళు టకటకమంటాయి. అది మంచిదే, నేనూ అదే పెట్టమన్నాను. అన్న ఒప్పుకోలేదు. 'ఒరే అప్పల్సామీ, అడక్కుండా పట్టుకునేది అడక్కుండానే వదుల్తాది. పక్కకి వాలిన బురద దారి, వెనక స్తంభాలు తోకలా పొడుచుకొచ్చి ఉంటాయి. అది టక్కున పట్టుకుంటే ఆ తోక ఎటు కొడతాదో నువ్వు చెప్తావా?' అని కసిరేడు. చివరికి మీటతో వేసి మీటతో తీసే రకం పెట్టేడు. స్టాంగర్ పక్కన తుక్కు యార్డులో అడవి దుంగలు లాగే లారీ ఒకటి తల్లకిందులుగా పడుంటే దాని ఇరుసులోంచి ఆ లాక్ తీసి, మిల్లు స్నేహితుల దగ్గర లేతు మీద అరగదీయించి దీనికి అమర్చేడు. అప్పుడొక మాటన్నాడు బాబూ. 'లాక్ అనేది సీటు మీద కూర్చున్నోడి చేతిలో ఉండాలి. జబులానీ ఇన్నాళ్ళూ ఇంకోడు చెప్తేనే మీట లాగేడు. ఇప్పుడు ఎప్పుడు లాగాలో ఆయనే చెప్తాడు.' ఆ మాట తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పొంగుతాది. నా అన్న అని చెప్పుకోడానికి అదొక్కటి చాలు.

లాక్ పెట్టేస్తే అయిపోలేదు, అక్కడే మీ కుర్రాళ్ళు బోల్తా కొడతారు. లాక్ లేనప్పుడు ఇంజిను బలం ఎప్పుడూ రెండు పక్కలకీ పంచుకుంటాది. లాక్ వేసేక ఒక చక్రం గాల్లో ఉందనుకో, బలమంతా రెండో పక్క షాఫ్టు, అదే చక్రాన్ని తిప్పే కడ్డీ, ఒక్కటే మొయ్యాలి. అందుకని అంతా బలపరచాలి. అన్న క్రౌన్ వీల్‌కి, అదే డిఫ్ లోపలి పెద్ద పళ్ళ చక్రానికి, లావు బోల్టులు వేసేడు, దాని చిల్లులు పెద్దవి చేసి. బేరింగు మూతలకి బోల్టులు తీసేసి స్టడ్లు పెట్టేడు, ఆ రెండు మూతల్నీ కలిపి ఇనప పట్టీ వేసేడు, బలం పడ్డప్పుడు అవి విచ్చుకోకుండా. ఇరుసు డొక్కకి వెనకాల దూలం లాగ ఒక రేకు అతికించేడు. ఆ వెల్డింగు చూడాల్సింది నువ్వు! ఇక్కడ కాస్త, అక్కడ కాస్త, మధ్యలో చల్లారనిచ్చి, చెయ్యి పెట్టి చూసి మళ్ళీ కాస్త. ఒక్కసారి గీసుకుపోతే వేడికి డొక్క వంకరపోతాది గదా. వదిన అన్నానికి పిలిచి పిలిచి విసిగి, 'ఆ ఇరుసునే పెళ్ళి చేసుకోవలసింది' అనేది.

ఆఖర్న షాఫ్టులు కూడా మార్చేద్దామని ఆ దుంగల లారీవే లావు షాఫ్టులు తెచ్చి పెట్టుకున్నాడు. ఇవోన్ పిల్ల చూడ్డానికొచ్చింది. వదిన పెట్టిన సమోసా తింటంది. మావోడు మొదలెట్టేడు, 'చూడమ్మా, ఈ ఇరుసులో విరిగే ముక్క ఒక్కటి లేదు!' ఆ పిల్ల నమలడం ఆపి, 'అంకుల్, మా కరెంటోళ్ళు అలా ఎప్పుడూ అనుకోరు. మేం కావాలనే ఒక సన్న తీగ పెడతాం. ఏదైనా తేడా వస్తే అది కాలాలి, ఇల్లు కాలకూడదు. మీ ఇరుసుకి ఫ్యూజ్ ఏది?' అంది. అన్న ఆ లావు షాఫ్టుని దొర్లిస్తూ కూర్చున్నాడు. తర్వాత లేచి దాన్ని తీసుకెళ్ళి షెడ్డు వెనక పడేసి, పాత కొలతవే కొత్త షాఫ్టులు తెచ్చి వేసేడు, అలాంటివే ఇంకో జత బండి కింద కట్టేడు. ఎందుకంటే షాఫ్టు విరిగితే చక్రం తియ్యక్కర్లేదు, బయట నట్లు ఊడదీసి లాగితే వచ్చేస్తాది, దారిలో మార్చుకోవచ్చు. లోపల క్రౌన్ వీల్ విరిగిందనుకో, బండి ఆ కొండ మీదే ఇల్లు కట్టుకోవాలి. 'పిల్ల నాకు పాఠం చెప్పింది' అని ఊరంతా చెప్పుకు తిరిగేడు, అదేదో తన గొప్పే అయినట్టు! నువ్వూ అదే గుర్తుపెట్టుకో బాబూ. లాక్ కొనేముందు, ఏది విరగాలి అని అడుగు. దానికి జవాబు నీ దగ్గర లేకపోతే కొనకు.

ఇంక పసుపు సంగతి. క్రౌన్ వీలూ దాన్ని తిప్పే చిన్న పినియనూ పళ్ళు సరిగ్గా కలుస్తున్నాయా లేదా చూడ్డానికి రంగు పూస్తారు గదా? అన్న ఆ డబ్బా రంగు కొనేవాడు కాదు. వదిన వంటింట్లోంచి పసుపు తెచ్చి ఆముదంలో చిక్కగా కలిపి పళ్ళకి పూసేవాడు. తిప్పితే పళ్ళు రాసుకున్న చోట పసుపు పోయి ఇనుము కనిపిస్తాది, ఆ మచ్చ పన్ను నడిమధ్యలో ఉండాలి. అంచుకి పోయిందా, మళ్ళీ విప్పు, సన్న రేకు వెయ్యి, మళ్ళీ పూయి. ఆ వారం మా ఇంట్లో కూరలన్నీ తెల్లగానే ఉన్నాయి. 'నా పసుపు డబ్బా ఎవడు మింగుతన్నాడు' అని వదిన అరుపు. చివరికి మచ్చ కుదిరింది. ఆ పచ్చని చక్రాన్ని చూసి వదిన కూడా చల్లబడింది, 'అమ్మవారిలా ఉంది' అంది. అన్న చేతులు కడుక్కొచ్చి మూత బిగించేసేడు. యార్డులో లాక్ వేసి తీసి, వేసి తీసి చూశాం. వెన్నలా పడింది, వెన్నలా వచ్చింది.

వెళ్ళిన రోజు పొద్దున్న సన్న జల్లు. స్తంభాలకి పూసిన ఆ నల్లనూనె వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. జబులానీ స్టీరింగు మీద, పక్కన అన్న, నేను. ఏరు దాటేక దారి ఎర్రగా, జిడ్డుగా, వాన నీళ్ళు కోసేసిన గోతులతో ఉంది. మొదటి ఏటవాలు దగ్గర ఎడమ చక్రం గోతిలోకి దిగింది, బండి ఆగింది. అంతకుముందు లారీలన్నీ ఆగిపోయింది అక్కడే, వాటి టైర్ల గుంటలు అలాగే ఉన్నాయి. అన్న నోరు తెరవబోయి మూసుకున్నాడు. చెప్పకూడదు గదా, మీట జబులానీది. జబులానీ కాలు తీసేడు, ఒక్క క్షణం ఆగేడు, మీట లాగేడు, మెల్లిగా కాలు వేసేడు. టక్ మంది. అంతే, ఏనుగు లేచినట్టు లేచింది బాబూ! పైకి, పైకి, రొప్పుకుంటూ, ఎక్కడా ఆగకుండా. అన్న కిటికీలోంచి సగం బయటికొచ్చి 'గోవిందా!' అని అరిచేడు, గట్ల మీద గొడ్లు కాసేవాళ్ళు ఈలలేసేరు.

ఎక్కి బడి దగ్గరికొచ్చేం. అక్కడ దారి వెనక్కి మడత పడినట్టు తిరుగుతాది, నేల గట్టి రాయి, బయటి పక్క లోయ. అక్కడ లాక్ తీసెయ్యాలి, లేకపోతే బండి తిరగదు, ముక్కు సూటిగా పోతాది. జబులానీ మీట తోసేడు. లాక్ రాలేదు. మళ్ళీ తోసేడు. రాలేదు. బండి తిరగనంటది, అంచుకేసి పోతంది. ఆయన బ్రేకు మీద నిలబడ్డాడు. వెనక్కి తీసి మళ్ళీ ముందుకేసేడు, అప్పుడు కింద ఢామ్మని ఒక చప్పుడు. ఇవోన్ అప్పటికే నడిచి వచ్చి బడి గోడ దగ్గర గొడుగేసుకుని నిలబడి ఉంది. అన్న దూకి బురదలో పడుకుని కిందకి దూరేడు. జబులానీ చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టేడు. అన్న ఇంజిను నించి డిఫ్ లోపలికి పోయే తిప్పుడు కడ్డీని చేత్తో తిప్పి, చెవి ఆనించి విన్నాడు. కింద నించి నవ్వు వినపడింది. 'ఇవోన్! నీ ఫ్యూజ్ పోయింది! ఇల్లు కాలలేదు!' అని అరిచేడు. మలుపు లోపలి పక్క షాఫ్టు విరిగింది, డిఫ్ గుండెకాయకి ఏమీ అవలేదు.

అయితే లాక్ మాత్రం ఇరుక్కుపోయే ఉంది. కొత్త షాఫ్టు వేస్తే మలుపులో అదీ విరుగుతాది. మరి? ఇక్కడ చూడు మా అన్న బుర్ర! విరిగిన ముక్క బయటికి లాగేసి, ఆ కంతకి రొట్టె కవరు చుట్టి కట్టేసి, 'ఇప్పుడు పోనీ' అన్నాడు. ఒక షాఫ్టు లేకపోతే మామూలు డిఫ్ తిప్పుడంతా ఆ ఖాళీ పక్కకే పారబోసేస్తాది, వెనక చక్రాలు ఉన్నా లేనట్టే. లాక్ పడుంది గాబట్టి, ఉన్న ఒక్క షాఫ్టే తిరుగుతాది, రెండో చక్రం ఊరికే దొర్లుతాది. తగువే లేదు! ముందు చక్రాలు లాగుతా, వెనక ఒంటికాలి మీద నెట్టుకుంటా మలుపు తిరిగింది బాబూ. జబులానీ ఎంత నెమ్మదిగా తిప్పేడంటే, పక్కనే ఇవోన్ నడుస్తా వచ్చింది. పైన చదును మీద తీగ ఉచ్చేసి లోపల మిగిలిన ముక్క లాగి, కొత్త షాఫ్టు వేసుకుని, ఆఖరి ఎక్కుడూ ఎక్కి స్తంభాలు దింపేం. గోగో గడప మీద కూర్చుని ఒక్కొక్క స్తంభం కింద పడినప్పుడల్లా తల ఊపింది. వచ్చేప్పుడు ఒక బస్తా అమడుంబే ఎత్తింది బండిలో. దిగేప్పుడు ఆ మలుపు దగ్గర మళ్ళీ ఒక షాఫ్టు తీసేసుకుని దిగేం.

ఇంటికొచ్చేసరికి ఇంకా వెలుతురుంది. వదిన గేటు దగ్గర కర్పూరం పళ్ళెం పట్టుకుని నిలబడింది. బండికి హారతిచ్చి, నవ్వుతా ఏటందో తెలుసా? 'నాకు తెలుసు, దీనికేటీ అవదని. ఈసారి స్టీరింగుకి కట్టలేదు దారం. మీరు దానికి పసుపు రాసి పూజ చేసి చేతులు కడుక్కోడానికి వెళ్ళేరు గదా, అప్పుడు లోపల దాని గుండె దగ్గరే, ఆ బుల్లి చెయ్యిలా ఉందే, దానికి పసుపు కొమ్ము కట్టేను' అంది. ఆ బుల్లి చెయ్యి ఏదో తెలిసిందా బాబూ? లాక్‌ని ముందుకీ వెనక్కీ తోసే ఫోర్కు! ఆవిడ ఏ కొత్త బండికైనా దారం కట్టేది, అది మా ఇంటి ఆనవాయితీ. పచ్చగా పసుపు పూసి ఉంటే పూజే అనుకుంది, ఏటి తప్పు? నేను అన్న మొహంలోకి చూసేను. జబులానీ కూడా చూసేడు. ఆ మనిషి నోరు తెలుసు గదా, ఇంజను చప్పుడు మీద కూడా వినపడే నోరు. ఇప్పుడు పడతాది దెబ్బ అనుకున్నాను. అన్న హారతి కళ్ళకద్దుకుని, 'అదా సంగతి! అందుకే ఒంటికాలి మీద కూడా నడిచింది. నీ దారమే నడిపించింది రానీ' అన్నాడు. వదిన మొహం వెలిగిపోయింది. ఆ వారమంతా వీధిలో అందరికీ చెప్పుకుంది.

మర్నాడు పొద్దున్న ముగ్గురం మూత విప్పేం. ఉంది. వేడి నూనెలో దారం వదులై, కొమ్ము జారి లాక్ వెనక కూర్చుంది, దాన్ని వెనక్కి రానివ్వకుండా. నాకు నవ్వూ కోపమూ రెండూ వచ్చేయి. జబులానీ నవ్వలేదు. ఆయన మణికట్టుకి మేకతోలు పట్టీ ఉండేది, పెద్దలకి మేకని కోసినప్పుడు కడతారు వాళ్ళు, ఇసిఫాండ్లా అంటారు. నూనె కారుతున్న ఆ దారాన్ని వేలితో పైకెత్తి చూసి, తన పట్టీ చూసుకుని, 'మా ఇంట్లో ఇలాంటిది తనంత తాను రాలేదాకా ఎవరూ తియ్యరు. అమ్మకి చెప్పకు గోవింద్' అన్నాడు. వదినని అమ్మ అనేవాడులే. అన్న 'నేను చెప్తానా' అని ఆ కొమ్ముని పారఫిన్‌లో, అదే కిరసనాయిల్లో, కడిగి చొక్కా జేబులో వేసుకున్నాడు. నిజానికి, ఇరికించిందీ అదే, లాక్ పట్టి ఉంచి మలుపు తిప్పిందీ అదే. అన్న అన్నది పూర్తిగా అబద్ధమూ కాదు. ఏటంటావు?

మరి ఆ తర్వాత వదిన ఊరుకుంటాదా? ప్రతి ఇరుసుకీ లోపల కడతానంటాది. ఆ పని చేసేక మా యార్డుకి వరసగా బండ్లొచ్చేయి, దుంగలవి, చెరుకువి, నీళ్ళవి. అప్పుడు పెట్టేడు అన్న ఈ కడియం. ఇరుసు డొక్క మీద, పైన, అందరికీ కనపడేట్టు. 'లోపల చీకటే గదా రానీ, నీ దారం ఎవరికి కనిపిస్తాది? ఇది నీ కోసమే చేయించేను, ఇక్కడ కట్టు' అన్నాడు. ఆవిడ పొంగిపోయింది. ప్రతి బండీ వెళ్ళేముందు ఆవిడొచ్చి కట్టాల్సిందే, అప్పటిదాకా అన్న తాళం చెవి ఇచ్చేవాడు కాదు. ఫోర్మన్లనీ పెద్ద పెద్ద ఓనర్లనీ నిలబెట్టేసేవాడు, 'ఇంకా మా ఆవిడ సంతకం అవలేదు' అని.

ఎంతబేనిలో దీపం వెలిగిన రోజు మమ్మల్ని పిలిచేరు. స్విచ్చు గోగోనే వేసింది. బల్బుకేసి చాలాసేపు చూసి, మా అన్నకేసి తిరిగి, 'పేరు అలాగే ఉంచుకో' అంది. ఆ మనిషి ఏడ్చేడు బాబూ, అందరి ముందూ, పసిపిల్లాడిలా. అన్న పోయి చాలా కాలమైంది. ఆఖరికి ఆయన్ని తీసుకెళ్ళింది కూడా ఆ నీలం బండే, జబులానీయే తోలేడు. నలుగురూ ఎత్తి పెట్టేక వదిన కళ్ళు తుడుచుకుంటా వెనక్కొచ్చి, కిందకి వంగి, ఆ కడియానికి దారం కట్టింది. అక్కడున్న మాలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, నోరు విప్పలేదు. ఇప్పటికీ విప్పలేదు. తర్వాత విన్న క్రిష్ లాంటి వాగుడుకాయకి కూడా కడుపులో దాగింది ఆ మాట, చూసుకో. ఆవిడకి...

ఆఁ వదినా! రా రా. ఇక్కడ పెట్టు ట్రే. ఏటీ లేదు, శ్రవణ్ బాబు డిఫ్ లాక్ గురించి అడుగుతుంటే చెప్తన్నాను. నీ దారం గురించే వదినా, ఎంతబేని కొండ మీద బండిని ఎలా నడిపించిందో అదే చెప్తన్నాను, ఇంకేటుంటాది చెప్పడానికి. ఏటది, కొంగులో? బాబు బకీకా? పసుపు కూడా రాసే తెచ్చేవా? చూసేవా బాబూ, నువ్వు ఇంకా లాక్ కొననేలేదు, మా వదిన దారం రెడీ చేసేసింది. రెండు చేతులా తీసుకో. కళ్ళకద్దుకో. ఎక్కడ కట్టాలో నీకు తెలుసు గదా... ఊఁ. టీ తాగు, చల్లారిపోతంది.